ప్లాస్టర్ కింద తేదీ

నా మందుల షాపుకి రోజూ అందరికంటే ముందొచ్చే గిరాకీ బ్రౌజర్ అప్‌డేట్. షట్టర్ పూర్తిగా పైకెత్తకముందే, లైటు వేసి కంప్యూటర్ ఆన్ చేశానో లేదో, తెర మీద ఒక మూల చిన్న పెట్టె ప్రత్యక్షమవుతుంది. కొత్త వెర్షన్ సిద్ధంగా ఉందట. ఇప్పుడు చేయమంటారా, కాసేపాగి చేయమంటారా అని అడుగుతుంది. అడగడం ఎంతో మర్యాదగానే అడుగుతుంది. వద్దు అని చెప్పడానికి మాత్రం బటన్ పెట్టలేదు.

ఈ బాధ తెలియని అదృష్టవంతుల కోసం కాస్త వివరంగా చెబుతాను. మా షాపులో బిల్లులు, స్టాకు, మందు కవర్ల మీద అంటించే చీటీలు, అన్నీ ఒక ప్రోగ్రాంలో ఉంటాయి. ఆ ప్రోగ్రాం ఉండేది మా కంప్యూటర్‌లోనే, తెరుచుకునేది మాత్రం బ్రౌజర్‌లో. అంటే ఇల్లు మాది, గుమ్మం వాళ్ళది. ఆ గుమ్మాన్ని వాళ్ళు నెలకి రెండుసార్లు జరుపుతుంటారు. ఒకసారి అక్షరాలు చీమలంత అయ్యాయి. ఒకసారి ప్రింటు బటన్ ఎక్కడికి పోయిందో వెతుక్కోవడానికి పూట పట్టింది. ఇంకోసారి చీటీ మీద అచ్చు అరంగుళం కిందికి జరిగి, ఒకరి చీటీలో ఉండాల్సిన ‘రాత్రి ఒకటి’ తర్వాతి వాళ్ళ చీటీ మీద పడింది. మర్నాడు ఒక పెద్దాయన వచ్చి, రాత్రి కూడా వేసుకోమని కొత్తగా రాశారు, నా జబ్బు ముదిరిందా అని బెంగగా అడిగాడు. ఆయన జబ్బు ముదరలేదు, బ్రౌజర్ ముదిరిందని చెబితే అర్థం చేసుకునే వయసు కాదు.

ఇంత చేసి, ఏం మార్చారయ్యా అని చూస్తే, ప్రతిసారీ అదే ఒక్క ముక్క ఉంటుంది. ‘ముఖ్యమైన భద్రతా సవరణలు, ఇతర మెరుగుదలలు.’ ఆ ఇతర మెరుగుదలలు ఏమిటో నాకు ఏ రోజూ అంతుపట్టలేదు. నా కళ్ళకి కనబడినది ఒక్కటే, రెండుసార్లు నొక్కితే అయ్యే పని మూడుసార్లు నొక్కితే అయ్యేదాకా ఎదిగింది.

ఇక మా బావమరిది. నా భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. ఇక్కడికి ఆరు గంటల ప్రయాణం దూరంలో ఏదో కంపెనీలో పని చేస్తాడు. వాడి ఉద్యోగం ఏమిటంటే, కంప్యూటర్లలో దొంగలు పడతారని జనాన్ని భయపెట్టడం. దానికి వాడికి నెలనెలా జీతం, కారు, కుర్చీకి మెడ ఆన్చుకునే మెత్తా ఇచ్చారు. ఆదివారం ఆదివారం అక్కకి ఫోన్ చేస్తాడు, చివర్లో బావకి ఇవ్వమంటాడు. నేను ఫోన్ తీసుకోగానే బాగున్నావా అని కూడా అడగడు. అప్‌డేట్ చేశావా బావా అంటాడు.

పాత బ్రౌజర్‌లో కన్నాలుంటాయట. దొంగలు ఆ కన్నాల్లోంచి వస్తారట. మా షాపులోకి దొంగ వచ్చి ఏం పట్టుకుపోతాడురా, దగ్గు మందా అని ఒకసారి అడిగాను. వాడు నవ్వలేదు. మీ దగ్గర మందులు కొనేవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరికి ఏ జబ్బో అన్నీ అందులోనే ఉన్నాయి కదా, అవి నీవి కావు బావా, నిన్ను నమ్మి ఇచ్చినవి అన్నాడు. ఈ వీధిలో ఎవరి జబ్బు ఏమిటో తెలుసుకోవడానికి కంప్యూటర్‌కి కన్నం వేయక్కర్లేదని, ఎదుటి సెలూన్‌లో అరగంట కూర్చుంటే చాలని చెప్పి ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక కాసేపు మనసు చిరాగ్గా ఉంది. వాడు చెప్పింది నిజమని నాకు తెలుసు. నా ఒళ్ళు మండేది అందుకే.

అలాంటి రోజుల్లో నాకో వరం దొరికింది. ఒక సోమవారం కంప్యూటర్ ఆన్ చేస్తే లోపలి గుండీ బ్యాటరీ చచ్చిపోయి, తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోయి ఉంది. బిల్లుల ప్రోగ్రాం మాత్రం చక్కగా తెరుచుకుంది. అప్‌డేట్ పెట్టె రాలేదు. మంగళవారం రాలేదు. వారమంతా రాలేదు. మెకానిక్ వచ్చి బ్యాటరీ మార్చి తేదీ సరిచేసిన మర్నాడు పొద్దున్నే మళ్ళీ ప్రత్యక్షం, ఆగిపోయిన వాటిని కూడా వెంటేసుకుని. మెకానిక్‌ని అడిగితే, తేదీ తప్పుగా ఉంటే బ్రౌజర్ బయటి ఊరితో మాట్లాడలేదండీ, అందుకే అప్‌డేట్ తెచ్చుకోలేకపోయింది అన్నాడు. ఆయన దాన్ని జబ్బులాగా చెప్పాడు. నాకు మందులాగా వినిపించింది.

ఆ సాయంత్రమే నా చేత్తో నేను కంప్యూటర్ తేదీని వెనక్కి తిప్పాను. రోజు అదే, నెల అదే, సంవత్సరం మాత్రం రెండు తక్కువ. దానంతట అది సరిచేసుకోకుండా ఆ సదుపాయం కూడా ఆపేశాను. ఒక్క ఏడాది తిప్పినా సరిపోయేదేమో. కానీ నేను దూరదృష్టి గలవాణ్ణి.

ఒక చిక్కొచ్చింది. బిల్లుల మీద రెండేళ్ళ కిందటి తేదీ పడుతోంది. దానికీ ఉపాయం ఆలోచించాను. తేదీ తిప్పుకునే రబ్బరు స్టాంపు ఒకటి కొన్నాను. నా భార్య పొద్దున్నే వచ్చి ఆ స్టాంపు చక్రాలు తిప్పి ఆనాటి తేదీ పెట్టుకునేది. ప్రతి బిల్లు మీదా, అచ్చయిన తేదీ కనబడకుండా దాని మీదే ఠపీమని కొట్టేది. కంప్యూటర్‌కి చిన్న జబ్బు చేసిందని చెప్పాను ఆవిడకి. తెర కింద మూల తేదీ కనబడుతూ ఉంటే కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్ళు అడుగుతున్నారని, అక్కడ గాయానికి వేసే ప్లాస్టర్ ముక్క అంటించాను. మందుల షాపు కదా, ప్లాస్టర్‌కి కొదవేముంది. ఆ ఎనిమిది నెలలు నేను అనుభవించిన ప్రశాంతత ఇంకెవరూ అనుభవించి ఉండరు. ఆదివారం బావమరిది అడిగితే, నా బ్రౌజర్ ఏమీ అడగడం లేదురా అనేవాణ్ణి. అందులో అబద్ధం లేదు.

ఆ ఎనిమిది నెలల్లో ఇంకో విశేషం జరిగింది. మా ప్రోగ్రాంలో మందు పేరు, బ్యాచ్ నంబరు కొడితే దాని పక్కన రంగు వస్తుంది. గడువు ఉంటే ఆకుపచ్చ, మూడు నెలల్లో తీరిపోయేదైతే పసుపు, తీరిపోతే ఎరుపు. ప్రోగ్రాం రాకముందు నా భార్య ప్రతి నెలా ఒకటో తారీకున స్టూలు వేసుకుని, ఒక్కో అరా దించి, ఒక్కో స్ట్రిప్పూ తిప్పి గడువు తేదీలు చూసేది. కంప్యూటర్ ఉండగా ఆ చాకిరీ ఎందుకని నేనే మాన్పించాను. ఇప్పుడు చూడండి, ఎనిమిది నెలల్లో ఒక్క ఎర్ర గీత రాలేదు. ఒక్క మందూ గడువు తీరలేదు. స్టాకు మీద నాకున్న పట్టు అలాంటిదని మందుల కంపెనీల రెప్‌లు వచ్చినప్పుడు చెప్పుకున్నాను. వాళ్ళు తలలూపారు. ఒకాయన నోట్ చేసుకున్నాడు కూడా.

మా మావగారి సంగతి చెప్పాలి.

ఆయన గడియారాలు బాగుచేస్తారు. నాలుగు వీధుల అవతల ఒక మనిషి, ఒక బల్ల పట్టేంత షాపు. పడుచు వయసులో స్ప్రింగు ఎగిరి తగిలి ఎడమకన్ను పోయింది. నలభై ఏళ్ళుగా ఒక్క కుడికంటితోనే, దానికి నల్లటి భూతద్దం తగిలించుకుని, వెంట్రుకకంటే సన్నని స్ప్రింగులు సరిచేస్తున్నారు. ఆ కంటికి ఈమధ్య శుక్లం వచ్చింది. ఆపరేషన్ చేయాలన్నారు. ఉన్నది ఒక్కటే కన్ను, దాన్ని కోస్తారంటే మాకందరికీ గుండెలు జారిపోయాయి. ఆయన మాత్రం డాక్టరమ్మని ఒకే ఒక ప్రశ్న అడిగారు. “అమ్మా, మళ్ళీ భూతద్దంలో అంకెలు కనబడతాయా?” ఆవిడ కనబడతాయంది. అయితే చేయండి అన్నారు. ఆ కన్ను పనిచేస్తే తను గడియారాల మనిషినని, లేకపోతే ఇంట్లో మూల కూర్చోబెట్టిన ఇంకో సామాననీ కూతురితో అన్నారట.

ఆపరేషన్ బాగా జరిగింది. ఆరు వారాలు కంట్లో చుక్కలు వేయాలి. మొదటి సీసా ఆస్పత్రి వాళ్ళే ఇచ్చారు. అది రెండు వారాలకి అయిపోయింది. రెండో సీసా బయట కొనుక్కోమని రాసిస్తే, మన షాపు ఉండగా బయట దేనికి అని, గురువారం నాడు ఆయన నా దగ్గరికి వచ్చారు. గురువారమే ఎందుకంటే, మా షాపులో గోడ గడియారానికి ప్రతి గురువారం ఆయనే వచ్చి కీ ఇస్తారు. నేను ఇస్తే ఒప్పుకోరు. ఎడాపెడా తిప్పేస్తానట.

వచ్చినప్పుడల్లా ఆయన దృష్టి తెర మూల ప్లాస్టర్ మీదికి పోయేది. గడియారానికి దెబ్బ తగిలిందా అల్లుడుగారూ అనేవారు. అవును మావయ్యా, మానుతోంది అనేవాణ్ణి. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

ఆ గురువారం నేను చుక్కల మందు సీసా తీసి కౌంటర్ మీద పెట్టాను. ఆయన జేబులోంచి భూతద్దం తీశారు. ఆపరేషన్ అయ్యాక దాన్ని కంటికి పెట్టుకోవడం అదే మొదటిసారి. డాక్టరమ్మ ఆ రోజు నుంచే పెట్టుకోవచ్చందట. షాపంతా కలయచూసి, అన్నిటికంటే చిన్న అక్షరాలు ఎక్కడున్నాయో వెతికి, చివరికి తన మందు సీసానే ఎత్తి పట్టుకున్నారు. నా భార్య స్టాంపు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆయన పెదవులు కదిలాయి. చదువుతున్నారు. నా భార్యకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అంతలో ఆయన సీసాని కాస్త దూరం పెట్టి, మళ్ళీ దగ్గర పెట్టి చూశారు.

“అల్లుడుగారూ, దీని గడువు నాలుగు నెలల కిందటే తీరిపోయినట్టుంది. ఒకసారి చూస్తారా?”

నేను చూశాను. సీసాని కాదు, కంప్యూటర్‌ని. బ్యాచ్ నంబరు కొట్టాను. నిగనిగలాడే ఆకుపచ్చ గీత వచ్చింది. ఆ క్షణంలో సీసాని తిప్పి చూడటానికి నాకు పట్టేది రెండు సెకన్లు. కౌంటర్ దగ్గర నలుగురున్నారు. నా స్టాకు మీద నాకు గర్వం ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా, కంప్యూటర్ పచ్చగా ఉంది.

“గడువు చాలా ఉంది మావయ్యా,” అన్నాను. “కొత్త కన్ను కదా, ఇంకా కుదురుకోలేదు. మీకే తప్పు కనబడింది.”

ఆయన ఇంకోసారి సీసా వైపు చూసి, భూతద్దం జేబులో పెట్టుకున్నారు. నా భార్య బిల్లు మీద స్టాంపు కొట్టింది. ఆయన సీసా తీసుకుని వెళ్ళిపోయారు. ఆ రోజు గడియారానికి కీ ఇవ్వడం మర్చిపోయారు. వయసు అనుకున్నాను.

ఆ తర్వాత పది రోజులు ఆ చుక్కలే వేసుకున్నారు. కన్ను కాస్త ఎర్రబడింది. చూపించడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ పరీక్ష చేసి, చూపు బ్రహ్మాండంగా ఉంది, ఎరుపు ఎందుకో చూద్దాం, చుక్కలు సరిగా వేస్తున్నారా అని అడిగింది. మా షాపువేనండీ అని నేను ఛాతీ విరుచుకుని చెప్పాను. గోడ మీద బోర్డులో ఆఖరి వరస కూడా మావగారు గడగడా చదివేశారు. బయటికి వచ్చాక మాత్రం ముఖం వాడిపోయి ఉంది. దూరం అక్షరాలు నిజం చెబుతున్నాయి, దగ్గరవే మోసం చేస్తున్నాయి అన్నారు.

ఆయన పని మానేస్తున్నారని మాకు తర్వాత తెలిసింది. బాగుచేయమని ఇచ్చిన గడియారాలు విప్పకుండానే తిరిగి ఇచ్చేస్తున్నారట. ఒకరి గడియారం వెనక నంబరు మూడుసార్లు చదివి, మూడుసార్లూ ఒకేలా కనబడినా నమ్మకం కుదరక మూసేశారట. ఈ మాట ఆయన కూతురితో చెప్పుకున్నారు. “ఆ సీసా మీద నెల పదిసార్లు చదివానమ్మా. పదిసార్లూ అదే కనబడింది. మసకగా కనబడితే బాధ లేదు. ఇంత స్పష్టంగా తప్పు చూపించే కంటితో ఒకళ్ళ గడియారం ఎలా ముట్టుకోను?” ఆదివారం నాడు తన పనిముట్లన్నీ బజారులో ఇంకో గడియారాలాయనకి ఇచ్చేస్తానన్నారు. అప్పటికి మాట కూడా అయిపోయింది.

నా భార్య ఆ రాత్రి అన్నం ముట్టలేదు. నేను పెద్దరికం నెత్తినేసుకుని ఆవిడని ఓదార్చాను. వయసు మీద పడ్డాక అందరికీ ఇంతేనని, ఆయనే ఒప్పుకున్నాక మనం బాధపడకూడదనీ చెప్పాను. ఇప్పుడు తలచుకుంటే ఆ ఓదార్పుకి నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మర్నాడు గురువారం. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ మావగారు వచ్చారు. కిందటి రెండు గురువారాలూ కీ ఇవ్వకపోవడంతో మా గోడ గడియారం ఆగిపోయింది. ఆఖరిసారిగా దానికి కీ ఇచ్చి, ఎలా ఇవ్వాలో నాకు నేర్పించి వెళదామని వచ్చారట. స్టూలెక్కి నెమ్మదిగా కీ తిప్పారు. నా చేత కూడా రెండు చుట్లు తిప్పించారు. దిగి వచ్చి, ముళ్ళు సరిచేయడానికి టైమెంతైందని అడిగారు. నేను సెల్‌ఫోన్ కోసం జేబు తడుముకుంటున్నాను. ఆయన కౌంటర్ మీదికి వంగి, ఎప్పట్నుంచో కంట్లో నలుసులా ఉన్న ఆ ప్లాస్టర్‌ని గోటితో ఒక చివర లేపి, సర్రున లాగేశారు.

భూతద్దం పెట్టుకోలేదు. అక్కర్లేదు, అంత చిన్న అంకెలేం కావు. టైము చూశారు. దాని కింద తేదీ చూశారు. చూస్తూ ఉండిపోయారు. తర్వాత కౌంటర్ ముందున్న బెంచీ మీద నెమ్మదిగా కూర్చున్నారు.

“ఇక పెద్ద అంకెలు కూడా మొదలుపెట్టాయి అల్లుడుగారూ,” అన్నారు. “ఏడాది రెండు తక్కువ కనబడుతోంది నాకు.”

ఆయన గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. చేసేదేం లేదని ఒప్పేసుకున్న మనిషి గొంతు అది. నాకు ఆయన్నేదో ఒకటి చెప్పి నవ్వించాలనిపించింది. కంప్యూటర్‌కి చిన్న జబ్బు మావయ్యా, నేనే తిప్పాను, రెండేళ్ళు వెనక్కి అని చెప్పబోయాను. వెనక్కి అన్న మాట దగ్గర నా నోరు ఆగిపోయింది.

రెండేళ్ళు వెనక్కి. కంప్యూటర్‌కి ఇది రెండేళ్ళ కిందటి రోజు. నాలుగు నెలల కిందట గడువు తీరిన సీసాకి దాని లెక్కలో ఇంకా ఏడాదిన్నర పైగా బతుకుంది. పచ్చగా కాకుండా ఎలా ఉంటుంది? ఈ షాపులో ఏ మందైనా పచ్చగా కాకుండా ఎలా ఉంటుంది?

“మావయ్యా, ఆ సీసా ఉందా?” అన్నాను.

ఆయన చొక్కా జేబులోంచి తీసి ఇచ్చారు. నాకు అద్దాలున్నాయి, రెండు కళ్ళూ ఉన్నాయి, సీసా మీద అచ్చు ఉంది. ఆయన చెప్పిన నెలే. ఆయన చెప్పిన సంవత్సరమే. నేను దాన్ని నా భార్యకి ఇచ్చాను. ఆవిడ చదివి, తెర మూల చూసి, తన చేతిలోని స్టాంపుని తిప్పి దాని అడుగున ఉన్న అంకెలు చూసుకుంది.

“రోజూ పొద్దున్నే ఈ తేదీ నా చేత్తోనే సరిగ్గా పెట్టుకున్నాను కదండీ,” అంది. “ఎనిమిది నెలలు.” తిట్టి ఉంటే బాగుండేది.

నేను బెంచీ దగ్గరికి వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను. తల తీసేసినట్టయింది. మీ కన్ను తప్పు చదవలేదని, ఆ రోజూ సరిగ్గానే చదివిందని, ఇప్పుడూ సరిగ్గానే చదివిందని, తప్పు నాదని చెప్పాను. అప్‌డేట్లు తప్పించుకోవడానికి చేసిన ఘనకార్యమంతా మొదటి నుంచీ చెప్పాను. చెబుతుంటే ఎంత చిన్న విషయానికి ఎంత పెద్ద తెలివి వాడానో నాకే అసహ్యం వేసింది. ఆయన అంతా విని, నా చేతిలోంచి సీసా తీసుకుని, భూతద్దం పెట్టుకుని, నెల పేరు పైకి చదివారు. సంవత్సరం పైకి చదివారు. మళ్ళీ చదివారు. అప్పుడు ఆయన కంట్లోంచి నీళ్ళు కారాయి. కంటికి మంచిది కాదు నాన్నా అని నా భార్య శుభ్రమైన దూది పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

తుడుచుకున్నాక ఆయన అన్నది ఒక్కటే మాట. “నేను చెబితే నమ్మలేకపోయారా అల్లుడుగారూ? పచ్చరంగు చెబితేనే నమ్మారా?”

నేను సెల్‌ఫోన్ తీసి డాక్టరమ్మ నంబరు వెతికాను.

తర్వాత జరిగినవన్నీ చకచకా జరిగాయి. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే వెంటనే తీసుకురమ్మంది. సీసా చూసి, నన్ను చూసి, మీరు మందుల షాపాయనే కదూ అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నతో సరిపెట్టడం ఆవిడ మంచితనం. ఎరుపు ఆ చుక్కల వల్లేనని, చూపుకి దెబ్బ తగల్లేదని, ఇంకో రెండు వారాలు ఇలాగే గడిచి ఉంటే తను మాట ఇవ్వలేకపోయేదాన్నని చెప్పి, కొత్త మందు తన దగ్గరున్నదే ఇచ్చింది. బయట కొనుక్కోమనలేదు.

షాపుకి తిరిగొచ్చి నేను తేదీ సరిచేశాను. ఆ తర్వాత ప్రోగ్రాం తెరిస్తే ముప్పై ఏడు ఎర్ర గీతలు ఒక్కసారిగా వరసకట్టాయి. స్టాకు మీద నా పట్టు అది. ఈ ఎనిమిది నెలల్లో అవి ఎవరెవరికి అమ్మానో బిల్లుల్లో పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. దొంగలకి దేనికి పనికొస్తాయిరా అని వెక్కిరించిన ఆ నంబర్లకే ఒక్కొక్కరికీ నేను ఫోన్ చేశాను. ఆ మందు వాడకండి, తెచ్చి ఇచ్చేయండి, తప్పు మాది అని చెప్పాను. కొందరు తిట్టారు. ఎవరి తిట్టూ ఎక్కువనిపించలేదు. దొంగలు వస్తారని మా బావమరిది ఇన్నేళ్ళు భయపెట్టాడు గానీ, ఒక్క దొంగా రాలేదు. రావాల్సిన అవసరం లేకుండా వాళ్ళ పని కూడా నేనే చేసిపెట్టాను.

శుక్రవారం పొద్దున షట్టర్ ఎత్తేసరికి పెట్టె ప్రత్యక్షం. ఎనిమిది నెలల బాకీతో వచ్చింది. ఇప్పుడా, కాసేపాగా అని అదే మర్యాద. ఇప్పుడే అని నొక్కాను. ఒక శాతం, రెండు శాతం అని నత్తలా మొదలైంది. కౌంటర్ దగ్గర ఏడుగురు నిలబడ్డారు. బిల్లు ఇవ్వలేను, ఆగండి అన్నాను. నన్ను వాళ్ళు చూసిన చూపులు నాకు బాగా తెలిసినవే, ఇన్నాళ్ళూ నేను తెర వైపు చూసినవే.

సరిగ్గా అప్పుడే మా బావమరిది ఫోన్ చేశాడు. వాళ్ళ అక్క అంతా చెప్పిందట. వాడు ఏం అంటాడోనని నేను ఒళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను. అప్‌డేట్ చేశావా బావా అనలేదు. నాన్న కన్ను ఎలా ఉంది అని అడిగాడు. బాగుందన్నాను. అప్‌డేట్ అవుతోందిరా, నలభై శాతం అన్నాను. సరే బావా అని పెట్టేశాడు. వాడు అరిచి ఉన్నా నేను పడేవాణ్ణి.

మావగారు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఆదివారం బేరం రద్దు చేసుకుని, పనిముట్ల పెట్టె తన బల్ల మీదికి తిరిగి చేర్చుకుని వచ్చారు. నా భార్య స్టూలెక్కి ఒక్కో అరా దించుతోంది, ప్రోగ్రాం వచ్చాక ఇదే మొదటిసారి. ఆయన భూతద్దం పెట్టుకుని ఒక్కో స్ట్రిప్పు తిప్పి తేదీ పైకి చదువుతున్నారు. నేను రాసుకుంటున్నాను. ఆయన చదివినదాన్ని ఒక్కదాన్ని కూడా తెర మీద సరిచూసుకోలేదు. సరిచూద్దామన్నా అప్పటికి తెర నల్లగా ఉంది, అరవై రెండు శాతం దగ్గర.

అప్‌డేట్ పూర్తయ్యేసరికి పావుతక్కువ పదకొండు. ఏడుగురిలో నలుగురు వెళ్ళిపోయారు. ప్రోగ్రాం తెరిచాను. నేను అనుకున్నంతా అయింది. ప్రింటు బటన్ కుడివైపు నుంచి ఎడమవైపుకి వలసపోయింది, మొదటి బిల్లు కాగితం మీద ఏటవాలుగా, సగం అంచు దాటి అచ్చయింది. నాకు మళ్ళీ కోపం నషాళానికి అంటింది. ఇలాంటి పని చేసేవాళ్ళని ఏం చేసినా పాపం లేదని పైకే అన్నాను. నా భార్య అలవాటు కొద్దీ స్టాంపు ఎత్తింది.

మావగారు చెయ్యి అడ్డుపెట్టి ఆ బిల్లు తీసుకున్నారు. భూతద్దం కిందికి లాక్కుని పై నుంచి కింది దాకా తీరిగ్గా చదివారు. ఆయన కాగితాన్ని నా వైపు జరిపి, స్టాంపు లోపల పెట్టేయమని కూతురికి సైగ చేశారు.

“అచ్చు వంకరగా ఉంది అల్లుడుగారూ,” అన్నారు. “తేదీ మాత్రం ఇవాళ్టిదే.”